కాటా మీది వైస్

పశ్చిమ ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుప బజారులో వస్తువుకు వెల కట్టేది దాని ప్రయోజనాన్ని చూసి కాదు, బరువును చూసి. విరిగిన లారీ ఇరుసు, పాడైన నీటి పంపు, ఏళ్ల తరబడి ఒక ఫిట్టరు చేతికింద పనిచేసిన బెంచి వైస్, ఈ మూడూ ఒకే కాటా ఎక్కుతాయి. నాలుగంగుళాల దవడలున్న వైస్ సుమారు పది కిలోలు తూగుతుంది. ఆరంగుళాలది ఇరవై దాటుతుంది. దాన్ని వైస్‌గా కొనే మనిషి ఎవరూ రాకపోతే అది పోత ఇనుము కుప్పలో పడుతుంది. సమ్మెట దెబ్బలకు ముక్కలై ఏదో ఒక ఫౌండ్రీ కొలిమికి చేరుతుంది. అక్కడ మురుగుకాలువ మూతగానో, మోటారు తొడుగుగానో మళ్లీ జన్మ ఎత్తుతుంది. ఇనుము ఎక్కడికీ పోదు. దాని ఒంటిమీద పోతలోనే ఎత్తుగా వచ్చిన అక్షరాలు, మిల్లువారు తెల్లరంగుతో రాసిన నంబరు, ఎవరో ఉలితో చెక్కుకున్న పొడి అక్షరాలు మాత్రం కరిగిపోతాయి.

అట్లా కరిగిపోకముందే వాటిని ఏరి తెచ్చుకొని, తుప్పు వదిలించి, ఇంట్లోనే ఒక మూల అమర్చుకున్న కర్మశాలలో బిగించుకొనేవారు కొందరు ఉన్నారు. వారిలో పదవీ విరమణ చేసిన ఇంజనీర్లు ఉంటారు. కంప్యూటరు ముందు వారమంతా గడిపి, ఆదివారం నాడు చేతికి మసి అంటితే తప్ప తృప్తి కలగని యువకులూ ఉంటారు. తపాలా బిళ్లలు సేకరించేవారిని లోకం అర్థం చేసుకుంటుంది. ఇరవై కిలోల ఇనుమును మూడో అంతస్తుకు మోసుకుపోయేవారిని అర్థం చేసుకోవడం ఇంట్లోవాళ్లకు కూడా కష్టమే.

వైస్‌ను చూడని పాఠకులు ఉండరు. పేరు తెలియనివారు ఉండవచ్చు. సైకిలు షాపులోనో, మోటారు మరమ్మతు షెడ్డులోనో బల్ల అంచున బోల్టులతో బిగించి ఉండి, రెండు దవడల మధ్య పనిముక్కను కదలనీయకుండా పట్టుకొనే బరువైన పరికరమే వైస్. ఒక దవడ స్థిరంగా ఉంటుంది. రెండవది ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దాన్ని జరిపేది లోపల దాగి ఉన్న చదరపు పళ్ల మర. హ్యాండిల్‌ను ఒక చేత్తో తిప్పితే చాలు, ఆ మర మనిషి బలాన్ని అనేక రెట్లు పెంచి దవడలకు అందిస్తుంది. ఢిల్లీ మిస్త్రీలు దీన్ని బాంక్ అంటారు. శికంజా అనే మాట కూడా ఉంది. పోలీసులకు దొరికిన దొంగల గురించి రాసేటప్పుడు హిందీ పత్రికలు వాడేది ఆ మాటనే. తెలుగు ఫిట్టర్లు మాత్రం వైస్ అని ఊరుకుంటారు.

పాత వైస్‌ను బాగుచేయడమనేది ఇప్పటి వినోదం కాదు. ఆధునిక యంత్రపరిశ్రమ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం అటువంటి పనితోనే మొదలయింది. 1789 ప్రాంతంలో హెన్రీ మాడ్‌స్లే అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు లండన్‌లోని పిమ్లికోలో తాళాల నిర్మాత జోసెఫ్ బ్రామా కర్మశాలకు పని కోసం వెళ్లాడు. అప్పటికి అతడు వూలిచ్ ఆయుధాగారంలో పనిచేసి చేయి తిరిగినవాడు. ఐతే ఏడేళ్ల శిష్యరికం పూర్తిచేసిన పత్రం అతని దగ్గర లేదు. అట్లాంటివాణ్ని చేర్చుకుంటే మిగిలిన పనివాళ్లు ఒప్పుకోరని ఫోర్‌మన్ సందేహించాడు. అక్కడి బల్లకు దవడలు అరిగిపోయిన ఒక పాత వైస్ బిగించి ఉంది. సాయంత్రం ఆరుగంటల లోపల దీన్ని కొత్తదానిలా చేసి ఇస్తే పనిలోకి తీసుకుంటారా అని కుర్రవాడు అడిగాడు. ఒప్పుకున్నారు. కోటు విప్పి పక్కన పెట్టి దవడలకు కొత్త ఉక్కు వేసి, ఆకురాయితో సాపుచేసి, పళ్లు కోసి, పదును పెట్టి, గడువుకు ముందే అప్పగించాడు. ఉద్యోగం దొరికింది. ఈ కథను శామ్యూల్ స్మైల్స్ 1863లో వెలువడిన తన గ్రంథంలో నమోదు చేశాడు. ఆ కుర్రవాడే తరువాత మర పళ్లను కచ్చితంగా కోసే లేతును తీర్చిదిద్దాడు. నాస్మిత్, విట్‌వర్త్ వంటి ప్రసిద్ధ యంత్రనిర్మాతలు అతని కర్మశాలలో పనిచేసి పైకి వచ్చినవారే.

మాడ్‌స్లే బాగుచేసినది ఇప్పటి వైస్ వంటిది కాదన్నది గుర్తుంచుకోవాలి. ఆ కాలపు వైస్‌లు సాగగొట్టిన ఇనుముతో, కమ్మరి కొలిమిలో తయారైనవి. ఒక కాలు నేల దాకా దిగి, సుత్తి దెబ్బల బరువును భూమికి అప్పగించేది. ఆ రకం వైస్‌లు నేటికీ కమ్మరి కొట్లలో అక్కడక్కడ కనబడతాయి. ఎవరైనా అమ్ముతుంటే రెండో ఆలోచన లేకుండా కొనదగినవి. తరువాత వచ్చిన పోత ఇనుము వైస్ చవక, స్థిరం, అందం కూడా. కాని పోత ఇనుములో కర్బనం పాలు ఎక్కువ. నొక్కుడుకు ఎంతగానో ఓర్చుకుంటుంది గాని దెబ్బకు వంగడం దానికి తెలియదు, విరిగిపోతుంది. కనుక అందులో దవడల ముఖాలకు మాత్రం గట్టిపరచిన ఉక్కు పలకలను మరమేకులతో బిగిస్తారు. అవి అరిగితే విప్పి మార్చుకోవచ్చు. మాడ్‌స్లేకు ఒక పగలంతా పట్టిన పని ఈ సదుపాయం వల్ల నాలుగు మరమేకులతో తేలిపోతుంది. ఆ నాలుగు మరమేకులు విప్పడానికే ఒక్కొక్కసారి రెండు రోజులు పడుతుంది, అది వేరే సంగతి.

ఢిల్లీ అనగానే అందరికీ సచివాలయం, పార్లమెంటు, సమాధులు, కోటలు గుర్తుకు వస్తాయి. అది కార్మికుల నగరం కూడా అన్న విషయం మరుగున పడింది. ఢిల్లీ క్లాత్ మిల్లు 1889లో స్థాపితమై, సరిగా నూరేళ్లకు 1989లో మూతపడింది. దేశవిభజన తరువాత వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి వచ్చిన కాందిశీకులకోసం ఫరీదాబాదులో కొత్త పట్టణం వెలసి, క్రమంగా కర్మాగారాల ఊరైంది. 1955లో ఏర్పడిన జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ పశ్చిమ జర్మనీ సహకారంతో ఓఖ్లాలో శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పింది. హుమాయూన్ సమాధి పక్కనే, అరబ్ కీ సరాయ్ పేరుతోనే, ఒక పారిశ్రామిక శిక్షణ సంస్థ ఉంది. ఇటువంటి ప్రతిచోటా వరుసలు వరుసలుగా బల్లలు, బల్లలకు వైస్‌లు ఉండేవి. ఫిట్టరు పని నేర్చుకొనే కుర్రవాడికి మొదట అప్పగించేది వైస్‌లో బిగించిన ఇనుపముక్కను, ఒక ఆకురాయిని. ముక్క చదరంగా వచ్చేదాకా రుద్దాలి. ఎన్ని రోజులైనా సరే.

1996 జులై 8న సుప్రీంకోర్టు ఢిల్లీలోని 168 పరిశ్రమలను ఆ ఏడాది నవంబరు 30 లోగా మూసివేయాలని, లేదా నగరం వెలుపలికి తరలించాలని ఆదేశించింది. గాలి, నీరు బాగుపడాలన్న ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టేవారు ఉండరు. కాని కార్మికులు చెదరిపోయారు. మూతపడిన కర్మాగారంలోని పెద్ద యంత్రాలకు బేరగాళ్లు దొరుకుతారు. బల్లమీది వైస్ కోసం ఎవరూ వేలం పాడరు. అది టోకు ఇనుములో కలిసిపోతుంది. ఢిల్లీలో పాత ఇనుముకు వెనకటి కేంద్రం మోతియాఖాన్. 1970వ దశకంలో అక్కడి వ్యాపారం మాయాపురికి తరలింది. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలమీద మాయాపురి దుకాణాలకే సీళ్లు వేయబోతే వ్యాపారులకూ, పోలీసులకూ మధ్య ఘర్షణ జరిగింది. పాత వస్తువుకు చివరి మజిలీ అయిన చోటు కూడా స్థిరంగా లేదన్నమాట. కొత్త వైస్ కొనదలచినవారు అజ్మీరీ గేటు వెలుపల స్వామి శ్రద్ధానంద మార్గంలో, అంటే జనం జీబీ రోడ్డు అని పిలిచే వీధిలో, పనిముట్ల దుకాణాలకు వెళతారు. పాతది కావాలంటే కాటా దగ్గరికే పోవాలి.

ఢిల్లీలో లేని పాఠకులు నిరాశ పడనక్కరలేదు. సికింద్రాబాదు రాణీగంజ్‌లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ ఓపికగా వెతికేవారికి ఇవి దొరక్కపోవు. 1893 నుంచి లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు నడిచిన ఊరిలో, 1943లో ప్రాగా టూల్స్ పుట్టిన ఊరిలో ఫిట్టరు బల్లలకు కొదవ ఉండదు గదా.

వేటకు వెళ్లేవారిలో చాలామంది కళ్లు వెతికేది ఇంగ్లండు పేర్లను. షెఫీల్డు నగరంలో సీ అండ్ జే హాంప్టన్ కంపెనీ తయారుచేసిన రికార్డ్ వైస్ అందులో అగ్రగణ్యం. దాని నీలిరంగు ఎంత ప్రసిద్ధమంటే, మన దేశంలో తయారైన వైస్‌లు కూడా అనేకం అదే నీలం పూసుకొని వచ్చాయి. ఆ కంపెనీవారి 52వ నంబరు వడ్రంగపు వైస్‌కు ఏడంగుళాల దవడలు, ఒక చిన్న మీట ఉంటాయి; మీట నొక్కితే మరతో నిమిత్తం లేకుండా దవడ చప్పున జరుగుతుంది. యార్క్‌షైర్‌లోని షిప్లీ పట్టణపు పార్కిన్‌సన్ వైస్‌లో ఈ ఏర్పాటు ఇంకా ముందే ఉంది. అమెరికాలో 1941లో హ్యూ వోగల్ అనే చెక్ దేశీయుడు షికాగోలో స్థాపించిన విల్టన్ కంపెనీ వైస్‌కు మర వెనుకభాగమంతా తూటా ఆకారంలో మూసి ఉంటుంది. దుమ్ము లోపలికి పోదు. దొరికిన వైస్ మీద పైకి చూపే బాణం ములికి గుర్తు కనిపిస్తే అది ఒకప్పటి బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని తెలుసుకోవచ్చు.

ఇవన్నీ గొప్పవే, సందేహం లేదు. ఐనా ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. షెఫీల్డు వైస్‌కు చరిత్ర రాసినవాళ్లు ఉన్నారు. పాత క్యాటలాగులు భద్రంగా ఉన్నాయి. ఏ నంబరు ఏ కాలానిదో విప్పి చెప్పే నిపుణులు ఉన్నారు. పంజాబులోని బటాలా, జలంధర్, లూధియానాల చిన్న ఫౌండ్రీలలో స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాలలో పోసిన వైస్‌కు అటువంటి భాగ్యం లేదు. దాని యజమాని పేరో, ఇష్టదైవం పేరో, ఊరిపేరో పోతలో అచ్చై ఉంటుంది. కొన్నిటి మీద ఇంగ్లీషు వర్ణక్రమం కూడా తప్పు. ఆ ఫౌండ్రీకి క్యాటలాగు ఉండకపోవచ్చు, ఉన్నా నేడు ఒక్క ప్రతి మిగిలి ఉండకపోవచ్చు. అటువంటి వైస్‌కు సంబంధించిన ఏకైక దస్తావేజు ఆ వైసే. మాయాపురిలో కుప్పలో ఒక రికార్డ్, ఒక బటాలా పక్కపక్కన కనబడితే సేకర్త చేయి రికార్డ్ మీద పడుతుంది. కొలిమికి పోయేది రెండోది. పనితనంలో రికార్డ్‌దే పైచేయి కావచ్చు. లోకం నుంచి శాశ్వతంగా మాయమయ్యేది ఏదన్న ప్రశ్న వేసుకుంటే మాత్రం చేయి రెండోదాని వైపు సాగాలి.

కొనేముందు పరీక్ష అవసరం. తుప్పు చూసి భయపడేవాడు ఎప్పటికీ వైస్ కొనలేడు. రంగు చూసి మురిసేవాడు మోసపోతాడు. పోత ఇనుములో అసలు శత్రువు పగులు. మసి కింద, రంగు కింద అది కనబడదు. దవడ మొదట్లో, జారే కడ్డీ బయటికి వచ్చే మూతి దగ్గర, అడుగున బోల్టు చెవుల దగ్గర వెదకాలి. చిన్న సుత్తితో మెల్లగా తట్టితే గట్టి పోత గంటలా పలుకుతుంది, పగిలినది బొంగురుపోతుంది. అనుమానం తీరకపోతే ఇంటికి తెచ్చాక కిరోసిన్ రాసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగుల్లోకి దిగిన కిరోసిన్ మళ్లీ పైకి ఊరి, తెల్లని పొడి మీద నల్లని గీతగా తేలుతుంది. హ్యాండిల్ వంగి ఉంటే, ఎవరో దానికి పొడుగాటి గొట్టం తొడిగి శక్తికి మించి బిగించారని అర్థం. లోపలి నట్‌ను అప్పుడు మరింత శ్రద్ధగా చూడాలి. హ్యాండిల్ దిశ మార్చినప్పుడు కొంత ఖాళీగా తిరగడం దోషం కాదు. తిరుగుతూనే ఉండి దవడ కదలకపోతే నట్ పళ్లు పోయినట్టే. ఐనా ఆశ వదులుకోనక్కరలేదు. చదరపు పళ్లు కోయగల లేతు పనివాడు దొరికితే కొత్త నట్ చేయించుకోవచ్చు. పగిలిన పోతను అతికించడం మాత్రం సులువు కాదు. నికెల్ కడ్డీలతో, ముందుగా వేడిచేసి, తరువాత మెల్లగా చల్లార్చి అతకగలిగే నేర్పరులు ఉన్నారు; అటువంటి నేర్పరి దగ్గర లేనప్పుడు పగిలిన వైస్‌ను గోడపక్కన అలంకారంగా నిలబెట్టుకోవడమే క్షేమం. బిగించి ఉన్నప్పుడు విరిగే దవడ కాలి మీదికి వస్తుంది.

పాత ఇనుములో ఏమిటో తెలియని వస్తువును ఉత్సాహంకొద్దీ ముట్టుకోకూడదన్నది మాయాపురి నేర్పిన పాఠం. 2010 ఏప్రిల్‌లో ఒక విశ్వవిద్యాలయం వేలం వేసిన ప్రయోగశాల పరికరంలో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం మిగిలి ఉంది. బజారులో దాన్ని విప్పారు. పలువురు తీవ్ర అస్వస్థులయ్యారు; ఒక కార్మికుడు మరణించాడు. అది సీసపు తొడుగులో ఉన్న బరువైన లోహపు వస్తువుగానే వాళ్ల కళ్లకు కనిపించింది. వైస్ అంటే వైస్, అందులో రహస్యమేమీ లేదు. దాని పక్కన పడి ఉన్న మూతవేసిన డబ్బాల విషయంలో కుతూహలం పనికిరాదు.

ఇంటికి చేరిన వైస్ మీద మొదటి రోజు చేయవలసిన పనికి బ్రష్షూ వద్దు, నూనే వద్దు. పెన్సిలు, పలచని కాగితం చాలు. పోత అక్షరాల మీద కాగితం పరచి పెన్సిలుతో అడ్డంగా రుద్దితే, చిన్నపిల్లలు నాణెం బొమ్మ తీసినట్టుగా, ఆ పేరు కాగితం మీదికి దిగుతుంది. రంగుతో రాసిన నంబరుంటే ఫోటో తీయాలి. ఎక్కడ కొన్నదీ, ఏ రోజున కొన్నదీ అదే కాగితం మీద రాసుకోవాలి. ఈ పది నిమిషాల పని చేయకుండా తీగ బ్రష్షు పట్టుకున్నవాడు, తాను కాపాడుతున్నానని అనుకుంటూనే కొలిమి చేసే పనిలో సగం తానే చేస్తున్నాడు.

తరువాత విప్పడం. హ్యాండిల్ తిప్పుతూ పోతే జారే దవడ పూర్తిగా బయటికి వచ్చేస్తుంది. ఆఖరి చుట్టులో అది చేతిలోంచి జారి పడకుండా రెండో మనిషి పట్టుకోవడం మంచిది. దవడ పలకల మరమేకులు మొండికేస్తాయి. కిరోసిన్ పోసి ఒక రాత్రి ఉంచాలి. కదలకపోతే ఇంకో రాత్రి. తొందరపడి మరమేకు తల చెడగొట్టుకున్నవాళ్లు ఆ తొందరకు తరువాత వారమంతా డ్రిల్లుతో మూల్యం చెల్లిస్తారు.

తుప్పు వదిలించడానికి మార్గాలు అనేకం. పైపై తుప్పుకు కిరోసిన్, తీగ బ్రష్షు చాలు. దట్టమైన తుప్పుకు విద్యుత్ పద్ధతి మేలైనది. ప్లాస్టిక్ తొట్టిలో నీరు పోసి, నాలుగైదు లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున చాకలి సోడా కలపాలి. 12 వోల్టుల బ్యాటరీ చార్జరు రుణధ్రువాన్ని వైస్ భాగానికి, ధనధ్రువాన్ని పనికిరాని మామూలు ఇనుప కడ్డీకి తగిలించి, రెండూ ఒకదానికొకటి తగలకుండా నీటిలో ముంచాలి. చార్జరు వేయగానే సన్నని బుడగలు లేస్తాయి. కొన్ని గంటల్లో తుప్పు వదులై నల్లని మడ్డిగా మారుతుంది. మంచి ఇనుము అరగదు. ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే అందులోని క్రోమియం విషపూరిత రూపంలో నీటిలో చేరుతుంది. లేచే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది; మూసిన గదిలో చేస్తే ఒక నిప్పురవ్వ చాలు. ఆరుబయట చేయాలి, చేయి పెట్టేముందు చార్జరు ఆపాలి.

పాత రంగు విషయంలోనూ జాగ్రత్త కావాలి. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని పదిలక్షలకు 90 పాళ్లకు పరిమితం చేసిన నిబంధన అమలులోకి వచ్చినది 2017 నవంబరులోనే. అంతకుముందు పూసిన రంగులో సీసం ఉండి ఉంటుందనే అనుకోవాలి. పొడిగా గరుకు కాగితంతో రుద్ది ఆ దుమ్మును పసిపిల్లలున్న ఇంట్లో ఎగరగొట్టకూడదు. తడిపి గీకి, గీకిన పొట్టును కాగితంలో చుట్టి వేరుగా ఉంచాలి.

అసలు రంగు తీయాలా అన్నది సేకర్తలు తెగని వాదం చేసే విషయం. కొందరు పోతను అద్దంలా మెరిపించి, ఎర్రరంగో, మోటారుకారు రంగో పూసి, అక్షరాలకు బంగారు పూత వేస్తారు. చూడముచ్చటగా ఉంటుంది, కాని పెళ్లికొడుకులా ముస్తాబైన ఆ వైస్‌లో ఇనుపముక్క బిగించడానికి యజమానికే మనసొప్పదు. ఇంకొక దోషం కూడా ఉంది: పోత అక్షరాల అంచులు రుద్దుడుకు అరిగిపోతాయి. పాత రంగు గట్టిగా ఉన్నచోట ఉండనిచ్చి, తుప్పు పట్టిన చోట మాత్రం శుభ్రంచేసి, పలచగా నూనె పట్టించడం ఉత్తమం. కదిలే భాగాలు శుభ్రపడాలి, మర మెత్తగా తిరగాలి, దవడలు సమంగా కలవాలి. మిగిలినదంతా వైస్‌కు దాని పాత యజమానులు ఇచ్చిపోయినది. దవడ మీద రంపపు గాట్లుంటే ఉండనీ. ఒక శిష్యుడు మొదటివారంలో చేసిన తప్పు అది. దాన్ని చెరిపే హక్కు మరొకరికి లేదు.

దవడ పలకలు మరీ నున్నబడిపోతే కొత్తవి చేయించవలసి వస్తుంది. అరిగినవాటిని గ్రైండింగు రాయి మీద పెట్టి నీలి రంగు వచ్చేదాకా వేడెక్కనిస్తే ఉక్కు పదును పోతుంది; మాటిమాటికీ నీళ్లలో ముంచాలి. ఇత్తడి, అల్యూమినియం వంటి మెత్తని పనులకు దవడలను ముట్టుకోవలసిన అవసరమే లేదు. రాగి రేకును లంబకోణంలో వంచి రెండు దవడలకు తొడిగితే పనిముక్క మీద గాట్లు పడవు.

బిగించడానికి మందపాటి సాలు చెక్కబల్ల కావాలి, బోల్టులు బల్ల కిందికంటా దిగాలి. స్థిరదవడ ముఖం బల్ల అంచుకన్నా కొద్దిగా బయటికి ఉంటేనే పొడుగాటి ముక్కను నిలువుగా పట్టించడానికి వీలవుతుంది. ఎత్తు ఎంతన్నదానికి పాత ఫిట్టర్లు కొలతబద్ద వాడరు. వైస్ పక్కన నిటారుగా నిలబడి, మోచేతిని దవడల మీద ఆనించి, పిడికిలి బిగిస్తే అది గడ్డం కిందికి రావాలి. అపార్ట్‌మెంటు బాల్కనీలో బిగించుకొనేవారు బల్లకాళ్ల కింద రబ్బరు పరిస్తే కింది అంతస్తువారితో స్నేహం నిలుస్తుంది. ఢిల్లీలో జూన్ చివరినుంచి సెప్టెంబరు దాకా సాగే వానల్లో శుభ్రంచేసిన ఇనుము ఒక్కరాత్రిలో ఎర్రబారుతుంది. పని ముగిశాక నూనెగుడ్డతో తుడవడం మానకూడదు. దవడలను గట్టిగా బిగించి వదలడం కూడా తప్పు. కొద్దిగా ఎడం ఉంచి, హ్యాండిల్ నిలువుగా వేలాడదీసి వెళ్లాలి. అట్లా వేలాడే హ్యాండిల్ దారిన పోయేవారి నడుముకు తగలదు.

చివరిగా ఒక చిన్న పరీక్ష. సన్నని కాగితపు ముక్కలు రెండు తీసుకొని దవడల మధ్య కుడి చివర ఒకటి, ఎడమ చివర ఒకటి పెట్టి, రెండు వేళ్లతో హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పాలి. తరువాత కాగితాలను ఒక్కొక్కటే లాగి చూడాలి. ఒకటి చినిగి రెండోది జారి వస్తే పలకలు సమంగా కూర్చోలేదన్నమాట. మరమేకులు వదులుచేసి, పలకల వెనుక చేరిన మడ్డిని తుడిచి మళ్లీ బిగించాలి. రెండూ రాకుండా నిలిచిపోతే, బటాలాలోనో షెఫీల్డులోనో పోసిన ఆ వైస్ పనికి సిద్ధమైనట్టు. ఆకురాయి అందుకోవచ్చు.